సీడీలో వచ్చిన గుండె

మామయ్య గుండె ముందు వాట్సాప్‌లో వచ్చింది. ఎమ్మారై ఫిల్ములను కిటికీకి ఆనించి ఫోన్‌తో తీసిన ఆరు ఫొటోలు. ఫిల్ము వెనకాల కనిగిరిలో మా మామయ్యవాళ్ల వేపచెట్టు, కరెంటు తీగలు కనిపిస్తున్నాయి. కింద అత్త మెసేజ్: "అమ్మాయ్, నూటికి నూరు బ్లాకంట, స్టెంటు వేయాలంట. చేను బేరం పెట్టాం. నువ్వు చూసి ఒక మాట చెప్పు."

ఇక్కడ ఇంగ్లండ్‌లో ఉదయం ఏడున్నర. జనవరి, ఇంకా తెల్లవారలేదు. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. అన్నం ముందు కూర్చుని అందరూ నా జవాబు కోసం చూస్తుంటారని తెలుసు. కానీ ఆ ఫొటోలు చూసి ఏం చెప్పను? గుండె ఎమ్మారై అంటే కదిలే బొమ్మలు. ఫిల్ము మీద అచ్చయ్యేది అందులో ఒక్కో క్షణం మాత్రమే. "సీడీ కావాలత్తా, అంతవరకూ చేను అమ్మొద్దు" అని రాసి డ్యూటీకి బయల్దేరాను.

ఎంబీబీఎస్, ఎండీ, ఆ పైన గుండె వైద్యంలో మూడేళ్ల డీఎం అయ్యాక నెల్లూరులో నాలుగేళ్లు కార్డియాలజిస్టుగా చేశాను. అంత చదివినదాన్ని ఐదేళ్ల పిల్లాణ్ని అత్తగారి దగ్గర వదిలి, రెండేళ్ల శిక్షణ వీసా మీద ఇంగ్లండ్ ఎందుకొచ్చావని చాలామంది అడిగారు. నెల్లూరులో రోజూ ఎకో, అంటే శబ్ద తరంగాలతో తీసే గుండె స్కాన్, చేసేదాన్ని. గుండె ఎంత బలంగా కొట్టుకుంటోందో ఎకో చెబుతుంది. కానీ బలహీనపడ్డ కండలో ఏం జరిగిందో చాలాసార్లు చెప్పలేదు. పాత గుండెపోటు మచ్చా, వైరస్ వల్ల వచ్చిన వాపా, కండలో ఇంకేదైనా పేరుకుందా? ముప్పై ఏళ్ల మనిషి గుండె సగం బలంతో కొట్టుకుంటుంటే "కారణం తెలియదు" అని రాసి సంతకం పెట్టిన కాగితాలు నా వెనక చాలా ఉన్నాయి. అవి నన్ను నిద్రపోనివ్వలేదు.

ఇక్కడ గుండె ఎమ్మారైలో పై స్థాయి సర్టిఫికెట్ కావాలంటే మూడు వందల కేసులు లాగ్‌బుక్‌లో ఉండాలి. మొదటి రెండు నెలలు నాకు దక్కింది గీతలు గీయడమే. గుండెను అడ్డంగా ముక్కలు కోసినట్టు పది పన్నెండు బొమ్మలు వస్తాయి. ఒక్కోదాంట్లో లోపలి అంచు, బయటి అంచు మౌస్‌తో గీయాలి. ఇప్పుడు కంప్యూటరే గీసి పెడుతుంది. అయినా మా కన్సల్టెంటు కొత్తవాళ్లను మాత్రం చేత్తోనే గీయమంటారు. చీకటి గదిలో రెండు స్క్రీన్ల ముందు కూర్చుని గీసీ గీసీ, మూణ్నెల్లు తిరిగేసరికి గుండె గోడ మందం నా కంటికి దానంతటదే అందడం మొదలైంది.

నాకు అన్నిటికంటే నచ్చిన పని మచ్చ చూడటం. గాడోలినియం అనే మందు నరానికి ఎక్కించి పది నిమిషాలు ఆగాలి. బాగున్న కండలోంచి ఆ మందు త్వరగా వెళ్లిపోతుంది. చచ్చిన కండలో, మచ్చలో నిలబడిపోతుంది. అప్పుడు టైమింగు సరిగ్గా కుదిర్చి బొమ్మ తీస్తే మంచి కండ నల్లగా, మచ్చ తెల్లగా వస్తుంది. "తెల్లగా ఉంటే పోయినట్టే" అన్న మాట ఇక్కడ అందరి నోటా ఉంటుంది. ఆ టైమింగు కొద్దిగా తప్పినా మంచి కండ బూడిదరంగులోకి తిరిగి, ఉన్న మచ్చ లేనట్టూ లేని మచ్చ ఉన్నట్టూ అనిపిస్తుంది. ఆ పది నిమిషాలు తొందరపడకుండా కూర్చోవడం నాకు చాలా కష్టమైంది. నెల్లూరు ఓపీలో పది నిమిషాల్లో ముగ్గుర్ని చూసేదాన్ని మరి.

కనిగిరిలో సీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్ దొరకడానికి బావకు రెండు రోజులు పట్టింది. చివరికి బస్టాండు దగ్గర ఒక జిరాక్సు షాపాయన పాత కంప్యూటర్ దులిపి తీసి, రాత్రంతా అప్‌లోడ్ పెట్టాడు. ఆయన డబ్బులు తీసుకోలేదంట.

సాయంత్రం అందరూ వెళ్లాక మా కన్సల్టెంటును అడిగాను. ఆయన ముందు పేరు తీసేయమన్నారు. ఎవరివో చెప్పకుండానే చూద్దాం, తెలిస్తే కన్ను మోసం చేస్తుంది అన్నారు. పేరు తీసేసి ఇద్దరం వేర్వేరు స్క్రీన్ల మీద చూశాం.

గుండె ముందు గోడ, కింది కొస దాకా, తెల్లగా ఉంది. మందంలో ముప్పాతిక పైగా మచ్చే. నాలుగు రోజులు గ్యాస్ నొప్పి అనుకుని ఇంట్లోనే ఉన్న గుండెపోటు అది. పొగాకు సీజను, పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర మనిషి లేడు, అందుకే కదల్లేదట. కొన్ని బొమ్మలు మసకగా ఉన్నాయి, ఊపిరి ఆపలేకపోయాడు. చెన్నైలో స్కాన్ తీసేటప్పుడు లోపల స్పీకర్లో వచ్చే మాటలు తమిళమూ ఇంగ్లీషూనట. పీల్చమన్నారో వదలమన్నారో తెలియక లోపల భయపడిపోయానని తర్వాత చెప్పాడు. పైగా మా వైపు ఫ్లోరైడు నీళ్లు తాగిన నడుము అది. ముప్పావుగంట వెల్లకిలా కదలకుండా పడుకోవడం మామయ్యకు ఎంత నరకమో నాకు తెలుసు.

తర్వాత గుండె కొసలో, తెల్లటి మచ్చను ఆనుకుని, చిన్న నల్లటి ముద్ద. రక్తం గడ్డ. గడ్డలోకి రక్తం పారదు కాబట్టి మందు చేరదు, నల్లగానే ఉండిపోతుంది. ఎకోలో ఇలాంటి చిన్నవి తేలిగ్గా తప్పిపోతాయి. ఇద్దరం ఒకేసారి "గడ్డ" అన్నాం. అప్పుడు రిపోర్టు తెరిచాను. రెండో పేజీలో, ఒకే ఒక్క లైనులో, అదీ ఉంది. రాసిన డాక్టరు సరిగ్గానే చూశారు. కానీ ఇంట్లోవాళ్లతో నూరు శాతం బ్లాకు గురించి, మూసుకున్న నాళాన్ని తెరిచి ఉంచే స్టెంటు ఖర్చు గురించి మాట్లాడినవాళ్లెవరూ ఆ లైను చదివి చెప్పలేదు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఇదే. ఆ ముద్ద విడిపోయి మెదడుకు చేరితే పక్షవాతం. చేను అమ్మి స్టెంటు వేయించినా ఆ గడ్డ అక్కడే ఉండేది.

స్టెంటు సంగతి కూడా నాకు గట్టిగానే తెలుసు. గుండెపోటు వచ్చి మూడు రోజులు దాటి, నొప్పి లేకుండా నిలకడగా ఉన్నవాళ్లలో, పూర్తిగా మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిస్తే లాభమా అని 2,166 మంది మీద పరీక్షించి 2006లో ఫలితాలు వేశారు. తెరిచినవాళ్లలో చావులు తగ్గలేదు, మళ్లీ గుండెపోట్లు తగ్గలేదు, గుండె ఫెయిలవడమూ తగ్గలేదు. మామయ్యది అచ్చం ఆ కేసు. మిగతా రెండు నాళాలు శుభ్రంగా ఉన్నాయి, నొప్పి లేదు.

ఫోన్ చేస్తే బావ ఎత్తాడు. "నూటికి నూరు మూసుకుపోతే తెరవొద్దంటావేంది? డబ్బు మేం పెట్టుకుంటాంలే" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది, కానీ తండ్రి మీద బెంగతో అన్నాడని తెలుసు. ఫోన్ మామయ్యకివ్వమన్నాను.

"మామయ్యా, మన బత్తాయి తోటలో డ్రిప్పు పైపు పూడిపోయి ఒక చెట్టు నిలువునా ఎండిపోయిందనుకో. నెల తర్వాత పైపు మారిస్తే లేస్తదా?"

"లేవదు తల్లీ." కాసేపు ఆగి, "మరి మిగతా చెట్లో?" అన్నాడు.

"వాటికి వేరే పైపులున్నాయి. నీళ్లు పారతానే ఉన్నాయి. వాటిని కాపాడుకోవాలి."

"అయితే చేను అమ్మొద్దా?"

"అమ్మొద్దు."

అవతల అత్త ఏడుపు వినిపించింది. గడ్డ గురించి చెప్పడానికి ఇంకో అరగంట పట్టింది. ఇక్కణ్నించి నేను మందు రాయకూడదు, రాయలేదు. ఒంగోలులో ఉన్న నా బ్యాచ్‌మేటుకు బొమ్మలు పంపి, ఫోన్లో మాట్లాడాను. మర్నాడే పొదిలి మీదుగా తీసుకెళ్లారు. రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రామ్, గుండె బలహీనతకు వాడే నాలుగు రకాల మందులు మొదలయ్యాయి. చుట్ట ఆ రోజే మానేశాడు.

ఎసిట్రామ్ వాడితే, రక్తం ఎంత నిదానంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష తరచూ చేయించి, రెండుకూ మూడుకూ మధ్య ఉంచాలి. ఆకుకూరలు ఒక వారం బాగా తిని ఒక వారం మానేస్తే ఆ అంకె ఎగుడుదిగుడవుతుంది. ఎవరో చెప్పారని అత్త గోంగూర పూర్తిగా ఆపేసింది. "మానొద్దత్తా, వారానికి రెండుసార్లు అలవాటైతే రెండుసార్లే పెట్టు, ఎక్కువా వద్దు తక్కువా వద్దు" అన్నాను. మామయ్య ఆ రోజు ఎంత సంబరపడ్డాడో గొంతులోనే తెలిసింది.

ఇప్పుడు సోమవారం సోమవారం బావ ల్యాబు స్లిప్పు ఫొటో పంపుతున్నాడు. మొన్నటిది 2.4. మూడు నెలలు నిండాక మళ్లీ ఎమ్మారై తీసి గడ్డ కరిగిందో లేదో చూడాలి. మళ్లీ గాడోలినియం కాబట్టి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించమన్నాను. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో ఈ మందు పాత రకాలు చర్మం బిగుసుకుపోయే జబ్బు తెస్తాయని 2006లో బయటపడింది. ఇప్పటి రకాలు చాలా భద్రం. అయినా కిడ్నీ జబ్బులు మా వైపు చాలామందికి ఉన్నాయి, చూడకుండా ఒప్పుకోను.

ఈసారి స్కాన్లో మాటలు నా గొంతుతోనే వినిపించమని చెన్నై టెక్నీషియన్‌ను బావ అడిగాడు, సరేనన్నారు. ఫోన్లో రికార్డు చేసి పంపాను: "పీల్చు మామయ్యా... వదులు... ఇప్పుడు ఆపు." రోజూ పొద్దున్నే మామయ్య వసారాలో నులకమంచం మీద వెల్లకిలా పడుకుని అది పెట్టుకుని ప్రాక్టీసు చేస్తున్నాడు. పక్కన కూర్చుని అత్త అంకెలు లెక్కపెడుతోంది. నిన్న పన్నెండు దాకా వచ్చిందంట. పది చాలని చెప్పాను.