రేపటి క్లాసు, ఇవాళ్టి ఐసు ముక్కలు

ఆదివారం, పర్లాకిమిడి. శ్రావణం, పొద్దుట్నుంచీ ముసురు.

రేపు తొమ్మిదో తరగతికి ఫిల్ము, డిజిటల్ ఫొటోగ్రఫీ మొదటి ప్రాక్టికల్. కెమెరాలు తుడిచి పెట్టడం పావుగంట పని. మిగతా రోజంతా తినేసేవి నీళ్లూ, చీకటీ.

ముందు నీళ్లు. కుళాయి కింద థర్మామీటరు పెడితే 29 డిగ్రీలు. డెవలపింగ్ (ఫిల్ము మీద బొమ్మ తేలేలా మందు నీళ్లలో ఉంచడం) టైములు మామూలుగా 20 డిగ్రీలకి రాసి ఉంటాయి. హెచ్‌పీ5 అనే నలుపు తెలుపు ఫిల్ముకి డీ-76 అనే డెవలపర్‌ని సగానికి సగం నీళ్లు కలిపి వాడితే 20 దగ్గర 11 నిమిషాలు. 29 దగ్గర అదే పని ఐదు నిమిషాల దరిదాపుల్లో అయిపోతుంది. అంత తక్కువ టైములో వెలుగు చొరని ట్యాంకులో పొయ్యడానికీ ఒంపడానికీ పట్టే పది పదిహేను సెకన్లే నెగటివ్ మీద మచ్చలై కూర్చుంటాయి. పోనీ 20కి దింపుదామంటే, ఈ గదిలో అది 11 నిమిషాలు నిలవదు. అందుకని 24 దగ్గర ఆగడం మేలు, టైము సుమారు 7 నిమిషాల 45 సెకన్లు. ఐసు డెవలపర్‌లో వేస్తే పలచబడిపోతుంది. సీసాలు నిలబెట్టిన టబ్బులో వెయ్యాలి. హైపో (బొమ్మని నిలబెట్టే ఫిక్సర్) సీసా, కడిగే నీళ్ల జగ్గు కూడా ఆ టబ్బులోనే ఉండాలి. ఒకదానికొకటి వేడిలో తేడా ఎక్కువైతే ఫిల్ము మీది ఎమల్షన్ పూత ఉబ్బి, గ్రెయిన్ (బొమ్మలోని వెండి రేణువులు) గరుకుదేలుతుంది.

డీ-76 పొడి నిన్న సాయంత్రమే కలిపి ఉంచింది. అది కరగాలంటే నీళ్లు 50 డిగ్రీలు దాటాలి, చల్లారడానికి రాత్రంతా కావాలి. ట్యాంకుకి 150 మిల్లీలీటర్లు డెవలపర్, 150 నీళ్లు. వాడింది పారబొయ్యడమే, మళ్లీ సీసాలో పొయ్యకూడదు. లీటరుకి ఆరు రోల్స్ వస్తాయి. హైపో మాత్రం మళ్లీ మళ్లీ వాడొచ్చు. దానికి పరీక్ష ఉంది: ఫిల్ము మొదట్లో కత్తిరించిన ముక్కని అందులో ముంచి, ఎన్ని సెకన్లకి తేటబడిందో చూడాలి. దానికి రెట్టింపు సేపు ఫిక్స్ చెయ్యాలి. కొత్త హైపోలో పట్టిన టైముకి రెట్టింపు పడుతుంటే ఇక దాని పని అయిపోయినట్టే. అయిపోయిన హైపోలో వెండి ఉంటుంది, నూతి దగ్గర పారబొయ్యకుండా వేరే క్యానులో పోసి ఉంచాలి.

కూల్‌డ్రింకు సీసాల్లో మాత్రం ఏదీ పొయ్యొద్దు. దాహంగా ఉన్న పిల్లాడు లేబుల్ చదవడు. క్లాసులో సగం మందికి ఒడియా చదవడం వేగం, సగం మందికి తెలుగు. అందుకే అక్షరాలని నమ్ముకోకుండా, డెవలపర్‌కి ఎర్ర మూత, హైపోకి నీలం మూత. మూతలు మారాయో, డెవలపర్ కంటే ముందు హైపో పడి రోలంతా గాజులా తేటగా వస్తుంది.

ఇక చీకటి. ఫిల్ముని ట్యాంకులోకి ఎక్కించాల్సింది అందులోనే. స్టోరు గదిలో తలుపు మూసుకుని ఐదు నిమిషాలు కూర్చోవాలి. కళ్లు అలవాటు పడ్డాక చెయ్యి ఆడిస్తే కనిపించిందా, ఎక్కడో వెలుగు కారుతోంది. తలుపు కింద నుంచి, స్విచ్చు బోర్డు మీది చిన్న లైటు నుంచి వచ్చింది ఇవాళ. కింద తడి గోనె, బోర్డు మీద నల్ల టేపు. సినిమాల్లో చూపించే ఎర్ర బల్బు పిల్లలు తప్పకుండా అడుగుతారు. అది ప్రింటు తీసే కాగితానికి. ఈ ఫిల్ముకి ఎర్ర వెలుగు కూడా వెలుగే.

ట్యాంకులో పెట్టే రీలుకి ఎక్కించడం దగ్గరే ఎక్కువ రోల్స్ పాడవుతాయి. 36 ఫొటోల ఫిల్ము ఇంచుమించు ఒకటిన్నర మీటరు పైనే ఉంటుంది. ప్లాస్టిక్ రీలులో పిసరంత తడి ఉన్నా మధ్యలో పట్టేస్తుంది. ఈ ముసురుకి చేతుల చెమటే చాలు. బలవంతంగా తోస్తే ఫిల్ము మడతపడి, ఆ చోట నెలవంకలాంటి మచ్చ. రీళ్లు టేబుల్ ఫ్యాను కింద ఆరబెట్టడం అయింది. పాత ఫిల్ము రోల్స్ రెండు అట్టేపెట్టాలి: వెలుగులో మూడుసార్లు, కళ్లు మూసుకుని మూడుసార్లు ఎక్కించనిదే ఎవరినీ గదిలోకి పంపక్కర్లేదు.

ఆఖరు కడుగుడికి బోరు నీళ్లు పనికిరావు, ఆరాక సున్నం చుక్కలు మిగులుతాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ లీటరు చాలు.

ఫొటో తియ్యడానికి వస్తువేమిటంటే, ఊళ్లోనే ఉంది. కొమ్ముతో చేసిన నల్లటి కొంగ బొమ్మ, వరండాలో గచ్చు మీద, పక్కన తెల్ల తువ్వాలు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు నల్లదాన్నీ తెల్లదాన్నీ కూడా ఒకే బూడిదరంగు చెయ్యాలని చూస్తుంది. కొంగ మీద కొలిస్తే కొమ్ము బూడిదగా, తువ్వాలు వెలిసిపోయి వస్తుంది. తువ్వాలు మీద కొలిస్తే కొంగ ముక్కూ మెడా ఒకే నల్ల ముద్ద. అరచేతి మీద కొలిచి ఒక స్టాప్ (అంటే రెట్టింపు) వెలుగు పెంచితే రెండూ దారికొస్తాయి. ముసురు వెలుగులో ఐఎస్‌వో (వెలుగుని పట్టే చురుకు) 400, లెన్సు రంధ్రం ఎఫ్/4, షట్టరు సెకనులో 60వ వంతు దగ్గర మొదలెట్టొచ్చు. ఫిల్ము కెమెరాకీ డిజిటల్‌కీ అవే అంకెలు. డిజిటల్‌లో ఆటో ఐఎస్‌వో ఆపడం మరిచిపోతే పాఠం అక్కడికి సరి; ఎంత అంకె తిప్పినా ఫొటో ఒకేలా వస్తుంది, మీటరు సంగతి తెలియనే తెలియదు. ఫోను తెచ్చినవాళ్లు ప్రో మోడ్ (అంకెలు మనమే తిప్పేది) పెట్టుకోవాలి. మెమరీ కార్డులు కంప్యూటర్లో కాదు, కెమెరాలోనే ఫార్మాట్.

ఫిల్ము కెమెరాలో రోలు తగిలిందో లేదో తెలియాలంటే లివర్ లాగినప్పుడు ఎడమ పక్క రీవైండ్ నాబ్ తిరగాలి. తిరగకపోతే 36 ఫొటోలూ గాలికే. నెగటివ్ అంచున కంపెనీ ముందే వేసిన అంకెలు ఉండి బొమ్మలు లేకపోతే ఇదే కారణం, లేదా లెన్సు మూత. అంకెలు కూడా లేకపోతే తప్పు కెమెరాది కాదు, సీసాలది. పాలలా మసగ్గా ఉంటే హైపో చాలలేదు. మళ్లీ ముంచితే పోతుంది, పిల్లలు ఏడవక్కర్లేదు.

టబ్బులో ఇప్పుడు 28. ఐసు ట్రేలు నాలుగూ ఫ్రిజ్‌లో ఉన్నాయి. రాత్రి కరెంటు పోకుండా ఉండాలి.