వెల్దుర్తిలో ఎన్ని అక్షరాలు?

పోయిన వారం కర్నూలులో మా చిన్నమ్మ కూతురి పెళ్లి పత్రికలకు అడ్రస్ స్టిక్కర్లు కావాలంటే పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను. ఊరి పేరుకు 8 అక్షరాలు చాలనుకున్నా. ప్రింట్ తీస్తే వెల్దుర్తి కాస్తా ‘వెల్దుర్’ అయింది. చిన్నమ్మ స్టిక్కర్ చేతిలో పట్టుకుని, "ఏం నాయనా, మా ఊరి పేరు సగమే రాసినావే?" అంది. మనసు చివుక్కుమంది.

మన కంటికి వె, ల్దు, ర్తి మూడే. పైథాన్‌లో పొడవు లెక్కించే లెన్‌ను అడిగితే 10 అంటుంది. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కే. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షిస్తే ఈ తప్పు బయటపడనే పడదు. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. ఒత్తును విడదీయకుండా ఒకే అక్షరంగా చూసే నియమం మాత్రం 2023లో, యూనికోడ్ 15.1 వెర్షన్‌తో గానీ రాలేదు. ఇన్నేళ్లు పట్టిందా అని నిజంగా బాధేసింది.

తెలుగులో పనిచేసే ప్రోగ్రామ్ రాసేవాళ్లు దయచేసి మన ఊళ్ల పేర్లతోనే పరీక్షించండి. ఆ రాత్రే నేను హద్దు తీసేసి ఎమ్మిగనూరు, పత్తికొండ, ఓర్వకల్లు ఒక్కొక్కటీ చూసుకుని మళ్లీ ప్రింట్ తీశాను. పొద్దున చిన్నమ్మ అన్నిటికంటే ముందు వెల్దుర్తి స్టిక్కరే వెతికింది.