రిపోర్టు బాగుంది, నేనే బాగాలేను

షుగర్‌కి ఇచ్చే గ్లిమెపిరైడ్ మాత్ర మీద నాకు కోపం లేదు. చవక, బాగా పనిచేస్తుంది, మా వెస్ట్ మాంబళంలో ఏ మందుల షాపులో అడిగినా దొరుకుతుంది. నా కోపమంతా అది రాసిచ్చిన తీరు మీద.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పెళ్ళయి నెల్లూరు నుంచి మద్రాసు వచ్చినప్పటి నుంచీ ఇదే పని. షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది, మెట్‌ఫార్మిన్‌తోనే నెట్టుకొచ్చాను. పోయిన ఏడాది హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల సగటు, 9 దాటింది. డాక్టరుగారు గ్లిమెపిరైడ్ రెండు పూటలా తిండికి ముందు వేసుకోమన్నారు. తర్వాత డోసు పెంచారు. 6.4కి దిగింది. "సూపర్" అంటూ ఆ అంకె చుట్టూ సున్నా చుట్టారు.

అప్పటికే సాయంత్రాలు చేతులు వణకడం మొదలైంది. హుక్కులు కుడుతుంటే సూది వేలికి దిగేది. గుండె దడ, కారణం లేని చిరాకు. చెబితే "వయసు కదమ్మా" అన్నారు. రాత్రి ఎన్నింటికి తింటారని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. దీపావళి ముందు మా వీధిలో కుట్టుపని చేసేవాళ్ళెవరూ పది లోపు కంచం ముందు కూర్చోరు. టీ.నగర్‌లో చీరలు కొన్నవాళ్ళంతా ఫాల్స్, పీకో అంటూ మా గుమ్మంలోనే ఉంటారు. ఈ మాత్రకేమో మనం తిన్నామా లేదా అన్నదాంతో పనిలేదు. లోపల ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. ఇన్సులిన్ వచ్చి అన్నం రాకపోతే ఏమవుతుందో నాకెవరు చెప్పారు?

ఆ రాత్రి మాత్ర వేసుకుని కంచం పెట్టుకునేలోపు ఒకావిడ చంక దగ్గర బిగుతుగా ఉందని జాకెట్ పట్టుకొచ్చింది. తెల్లారితే పెళ్ళి. విప్పి కుట్టి ఇచ్చేసరికి ఆకలి చచ్చిపోయింది. రెండు ముద్దలు మజ్జిగన్నం తిని పడుకున్నాను.

నిద్రలో ఏదో కల. మిషను తొక్కుతూనే ఉన్నాను, గుడ్డ కదలడం లేదు. మెలకువ వచ్చేసరికి దిండు తడిసి ముద్దయింది. బయట వాన, పైన ఫ్యాను, ఒంటి మీద ధారగా చెమట. నాలుక మొద్దుబారిపోయింది. మా ఆయన లైటు వేసి "ఏమైందే?" అంటున్నారు. అమ్మాయికి ఫోన్ చెయ్యమని చెబుదామంటే అమ్మాయి పేరు గుర్తు రావడం లేదు. కన్న కూతురి పేరు! చచ్చిపోతున్నాననే అనుకున్నాను. ఇవ్వాల్సిన జాకెట్లు మాత్రం ఒక్కొక్కటిగా గుర్తొస్తున్నాయి, అదేం చోద్యమో.

మా ఆయన గుండెపోటు అనుకున్నారు. అయినా మీటరు తీసి చూస్తే 43. ఆయనకు 300 అంటే భయపడటం తెలుసు, 43 అంటే తెలీదు. "తక్కువే ఉంది కదే" అన్నారు ఊరటగా.

చప్పుడు విని పై వాటా మామీ దిగొచ్చింది. వాళ్ళాయన ఏళ్ళ తరబడి ఇన్సులిన్ మీదున్న మనిషి. మీటరు చూసి నేరుగా వంటింట్లోకి పోయింది. "షుగర్ పేషెంట్‌కి పంచదారా మామీ?" అని మా ఆయన అడ్డం పడబోతే "సుమ్మా ఇరుంగో", ఊరుకోండి అని అరవంలో ఒక్క కసురు కసిరింది. గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల పంచదార. నా గడ్డం పట్టుకుని, మింగగలుగుతున్నానో లేదో చూస్తూ గుక్కగుక్కగా తాగించింది. 15 నిమిషాలకు 68. ఇంకో గ్లాసు. అమ్మాయి పేరు తిరిగొచ్చింది. పెద్దగా పిలిచి ఏడ్చాను. ఆ పిల్ల ఉండేది హైదరాబాదులో.

తర్వాత ఆటో, ఆసుపత్రి, గ్లూకోజ్ సీసా, తెల్లారేదాకా వేళ్ళు గుచ్చడం. ఈ మాత్ర వల్ల పడిపోయిన షుగర్ లేచినట్టే లేచి మళ్ళీ పడొచ్చట.

ఇంటికొచ్చాక మా డాక్టరుగారి దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వారు. "షుగర్ తగ్గించమనే కదమ్మా వచ్చారు, తగ్గింది." పక్కనున్న అసిస్టెంటు అమ్మాయి కూడా నవ్వింది. నేను ఫీజు బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ అర్థం కాదు.

దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారని 2023లో ఐసీఎంఆర్ వాళ్ళ సర్వే చెప్పింది. ఇంతమందిలో ఒక్కొక్కరి గోడు వినడానికి తీరికెక్కడిదిలే అని ఒక్కోసారి ఆయన్ని నేనే వెనకేసుకొస్తాను. మరుక్షణం ఒళ్ళు మండుతుంది. "ఎన్నింటికి తింటారు" అనడానికి ఎంతసేపు పడుతుంది?

మామీయే నన్ను వాళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ ఫైలు పక్కన పెట్టి "పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పండమ్మా" అన్నారు. మిషను గురించి, పండగ సీజను గురించి అన్నీ విన్నారు. గ్లిమెపిరైడ్ ఆపేసి విల్డాగ్లిప్టిన్ రాశారు. మెట్‌ఫార్మిన్‌తో కలిపి వాడినా ఇది షుగర్‌ని అంత కిందకి లాగడం అరుదట. ఇప్పుడు సగటు 7.3. "మీకిది చాలు" అన్నారు. ఆ మాటకి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. చెప్పులు విప్పించి సన్నటి నైలాన్ తీగతో అరికాళ్ళు తాకి చూశారు. కుడి బొటనవేలి కింద తాకినట్టే తెలియలేదు. గుండుసూదులు రాలే ఇల్లు మాది! ఇప్పుడు ఇంట్లోనూ మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులే, రాత్రి పడుకునే ముందు అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకోవడమే.

మా ఆడపడుచుకి మాత్రం ఎంత చెప్పినా ఎక్కదు. "అంత సీరియస్ అయిందట, ఇంక తీపి ముట్టకు వదినా" అంటుంది. పెళ్ళిళ్ళలో అందరి కళ్ళూ నా ఆకు మీదే. వెంకటనారాయణ రోడ్డులో టీటీడీ గుడికి మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళి లడ్డూ ముక్క తుంచుకుంటే అక్కడా అదే మాట. ఆ రాత్రి మామీని పంపినవాడు చిటికెడు ప్రసాదానికి కోప్పడతాడా? ఆ పూట అన్నం తగ్గించుకున్నాను, ఎవరికీ చెప్పలేదు.

మిషను సొరుగులో దారపు రీళ్ళ పక్కనే గ్లూకోజ్ పొడి ఉంటోంది. మీరూ గ్లిమెపిరైడో ఇన్సులినో వాడుతుంటే ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. 70 కంటే దిగితే పంచదార నీళ్ళు. చాక్లెట్ వద్దు, అందులో కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి చెయ్యాలి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, డాక్టరు అడగకపోయినా మీ తిండి వేళలు మీరే చెప్పండి.

వచ్చే వారం కళ్ళ పరీక్ష ఉంది. చుక్కలు వేస్తే కొన్ని గంటల పాటు దగ్గరివి మసకగా ఉంటాయి, సూదిలో దారం ఎక్కదు. ఆదివారం పెట్టమంటే కుదరదన్నారు. సోమవారానికి ఒప్పుకుని, జాకెట్లు బుధవారమని అందరికీ చెప్పేశాను. ఇద్దరు గొణిగారు, గొణగనీ.