ఒక చలికాలం, రెండు ఆటలు

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడాది చలికాలమంతా తెల్లవారుజామున హుస్సేన్ సాగర్ నీళ్లమీద రోయింగ్ పడవలో తెడ్డు వేస్తూ, సాయంత్రం సికింద్రాబాదులో చాప పరిచిన మ్యాటింగ్ పిచ్ మీద క్రికెట్ ఆడుతూ గడిచింది. క్రికెట్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఏడో స్థానంలో బ్యాటింగుకు దిగే నాకు, మణికట్టు తిప్పి బంతిని లెగ్ వైపు మళ్లించే అజారుద్దీన్, లక్ష్మణ్‌ల ఊళ్లో పుట్టడం ఒక్కటే అర్హత.

రోయింగ్ సంగతి వేరు. తెడ్లు వేసేవాళ్లు పడవ వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు కనుక, 1990లో సాగర్‌లో మునిగిపోయి 1992లో మళ్లీ నిలబడిన బుద్ధ విగ్రహం, మేము దాన్ని దాటాక గానీ మా కళ్లబడేది కాదు. బలమంతా చేతులదే అనుకుని మొదటి వారం భుజాలు పట్టేసేదాకా లాగాను. జారే పీట మీద కాళ్లతో తన్నినప్పుడే పడవ సాగుతుందనీ, చేతుల పని చివర్లోనే వస్తుందనీ తరవాత తెలిసింది. నలుగురిలో ఒక్కరి తెడ్డు ఆలస్యంగా నీటిలో పడినా పడవ ఒరుగుతుంది. ఆ ఒక్కడిని తరచుగా నేనే. (సాగర్ వాసన గురించి హైదరాబాదు వాళ్లకు నేను చెప్పనవసరం లేదు.)

ఫిబ్రవరి పోటీలో 500 మీటర్ల పందెంలో మూడో స్థానంలో నిలిచాము. అదే మధ్యాహ్నం క్రికెట్ మ్యాచ్ కూడా ఉండటంతో, బొబ్బలెక్కిన అరచేతులకు గుడ్డ చుట్టుకుని బ్యాటు పట్టి, 11 పరుగులు చేసి రనౌటయ్యాను.