సెప్టెంబర్ 19: గోలు కంటే ముందు రెండు ఫ్రీకిక్‌లు

పొద్దున్నుంచీ ముసురు. బట్టలు ఆరలేదు, బజారు పని రేపటికి వాయిదా. ఇలాంటి రోజున, అందులోనూ ఈ తేదీన, ఐర్లండ్ కౌంటీ జట్లు ఏటా ఆడే ఆల్-ఐర్లండ్ పోటీలో 1982 గేలిక్ ఫుట్‌బాల్ ఫైనల్ పెట్టుకోవడమే సరి. పక్కన ఒక కాగితం, పెన్ను ఉండాలి. స్కోరు రాసుకుంటూ చూడకపోతే ఈ మ్యాచ్‌లో అసలు సంగతి చేజారిపోతుంది.

గేలిక్ ఫుట్‌బాల్‌లో గోల్‌పోస్టులు హెచ్ అక్షరంలా ఉంటాయి. బంతి అడ్డకర్ర కింద నుంచి నెట్‌లోకి పోతే గోలు, దానికి 3 పాయింట్లు. కర్ర మీదుగా రెండు స్తంభాల మధ్య నుంచి పోతే అప్పట్లో 1. స్కోరులో ముందు గోల్స్, తర్వాత పాయింట్లు రాస్తారు. 1-15 అంటే 18. ఆ రోజు డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానంలో ఆఫలీ కౌంటీ 1-15, కెర్రీ కౌంటీ 0-17. తేడా ఒక్కటంటే ఒక్క పాయింటు.

కెర్రీ అప్పటికి 1978 నుంచి 1981 దాకా వరసగా నాలుగు కప్పులు కొట్టింది. ఐదోది ఎవరికీ దక్కలేదు. 1915-18లో వెక్స్‌ఫర్డ్, 1929-32లో కెర్రీయే, ఇద్దరూ నాలుగు దగ్గరే ఆగారు. ఈసారి ఖాయమనుకుని ఫైనల్‌కు ముందే ‘వరసగా ఐదు’ అని టీషర్టులు కూడా అచ్చేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఆనాటి పద్ధతి కఠినం. ప్రతి కౌంటీ ముందు తన ప్రావిన్సులో గెలవాలి. ఒక్కసారి ఓడితే మళ్ళీ వచ్చే వేసవే. డ్రా అయితే మాత్రం రీప్లే. ఆ వెసులుబాటే తన ప్రావిన్సు మన్‌స్టర్ ఫైనల్లో కెర్రీని కాపాడింది: కార్క్‌తో మొదటి మ్యాచ్ సమం, కిలార్నీలో జరిగిన రీప్లేలో కెర్రీ అలవోకగా గెలిచింది. ఆఫలీ సెమీస్‌లో గాల్వేను 1-12, 1-11తో, అంటే ఒక్క పాయింటు తేడాతో దాటింది. అంతకుముందు ఏడాది ఫైనల్లో ఇదే కెర్రీ చేతిలో ఓడిన జట్టు అది. కోచ్ యూజీన్ మెగీ వాళ్ళని ఏళ్ళ తరబడి సానబట్టి అక్కడిదాకా తెచ్చాడు.

రెండో సగంలో కెర్రీకి పెనాల్టీ దొరికింది. కొట్టింది మైకీ షీహీ, ఆ తరంలో గురి తప్పని కాలు. అప్పట్లో పెనాల్టీ 14 గజాల గీత మీద నుంచి. ఆఫలీ గోలీ మార్టిన్ ఫర్లాంగ్ పక్కకు దూకి ఆపేశాడు. అయినా కెర్రీ ఒక్కో పాయింటు పోగేసుకుంటూ నాలుగు ఆధిక్యానికి వెళ్ళింది. 0-17, 0-13.

కాగితం పనికొచ్చేది ఇక్కడే. నాలుగు తేడా ఉన్నప్పుడు గోలు పడ్డా ఆఫలీ ఒకటి వెనకే ఉంటుంది. కెర్రీ ఆటగాళ్ళు ఉన్నది కాపాడుకుందామని వెనక్కి తగ్గారు. ఆఫలీ వాళ్ళని వాళ్ళ సగంలోనే వదిలేసి, అందరూ తమ గోల్ ముందు గుమిగూడారు. గుంపులో బంతి లాక్కోబోతే ఫౌల్ కాక ఏమవుతుంది? అలా వచ్చిన రెండు ఫ్రీకిక్‌లను మాట్ కానర్ తొణక్కుండా కర్ర మీదుగా పంపాడు. 0-17, 0-15. ఇప్పుడు ఒక్క గోలు చాలు, ఏకంగా పైచేయి. ఆ రెండు కిక్కుల గురించి ఎవరూ కథలు చెప్పుకోరు. నా మటుకు మ్యాచ్ మలుపు తిరిగింది వాటితోనే.

ఇక అందరికీ తెలిసిన ముక్క. ఆట ముగియడానికి రెండు నిమిషాలుంది. ఆఫలీ ఆటగాడు లియమ్ కానర్ ఎత్తుగా, పొడుగ్గా ఒక బంతి వేశాడు. కాసేపటి క్రితమే సబ్‌గా వచ్చిన ఆఫలీ ఆటగాడు షేమస్ డార్బీ, కెర్రీ డిఫెండర్ టామీ డోయల్ వెనక నిలబడి ఉన్నాడు. డోయల్ గాల్లోకి లేచాడు, బంతి అతని చేతులు దాటి వెనక్కి పోయింది. డార్బీ దాన్ని పట్టి, తిరిగి, ఎడమ కాలితో నెట్ పైభాగంలోకి కొట్టాడు. వీపు మీద తోశాడని కెర్రీ అభిమానులు ఇప్పటికీ అంటారు. చెయ్యి తగిలినట్టే కనిపిస్తుంది. కానీ డోయల్ తప్పుగా అంచనా వేసి ముందుకు లేచాడన్నదీ అంతే నిజం. రిఫరీ విజిల్ ఊదలేదు. మిగిలిన కాస్త సమయంలో కెర్రీ ఒక్క పాయింటు కొట్టి ఉంటే సమం, రీప్లే. అది రాలేదు.

ఆ ఆఫలీ జట్టులో లౌరీలు ముగ్గురు అన్నదమ్ములు. వాళ్ళలో బ్రెండన్ కొడుకే 2019లో బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్ గెలిచిన షేన్ లౌరీ. ఆఫలీ సీనియర్ ఫుట్‌బాల్ జట్టు మాత్రం ఆ తర్వాత ఇంకో ఆల్-ఐర్లండ్ గెలవలేదు. కెర్రీ తేరుకుని 1984, 85, 86 మూడూ పట్టుకుపోయింది.

వరసగా ఐదు కొట్టింది చివరికి డబ్లిన్, 2019లో. ఓడిన జట్లు మళ్ళీ పోటీలోకి వచ్చే పక్కదారి 2001 నుంచే ఉంది గానీ, ఆ ఐదేళ్ళలో డబ్లిన్‌కు దాని అవసరం రాలేదు, ఛాంపియన్‌షిప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు కనుక. ఆఖరి ఫైనల్లో ఎదురు నిలిచింది మళ్ళీ కెర్రీయే. మొదటిసారి 1-16, 1-16. రీప్లే సెప్టెంబర్ 14న: డబ్లిన్ 1-18, కెర్రీ 0-15.