పన్నెండు గంటలు మట్టి కింద

పండగ రోజు మా కాలనీ అంతా ఒకచోట కూర్చుని భోంచేద్దామనుకున్నప్పుడు, పందిని ముక్కలు చేయకుండా మొత్తంగా గోతిలో వండుదామని అన్నది నేనే. హవాయిలో ఇలాంటి గోతి పొయ్యిని ఇము అంటారని, మెక్సికోలోని యుకటాన్‌లో పిబ్ అంటారని చదివినప్పటి నుంచీ ఆ కోరిక ఉంది. అయితే చదవడం వేరు, అరవై మందికి వండి పెట్టడం వేరు. అదృష్టం కొద్దీ ఈ పని ఇదివరకు మూడుసార్లు చేసిన పెద్దాయన ఒకరు తోడు దొరికారు.

శుభ్రం చేసిన పంది నలభై కేజీలది చాలన్నారాయన. తల, ఎముకలు, చర్మం, కరిగిపోయే కొవ్వు, ఆవిరయ్యే నీరు పోగా తినడానికి మిగిలేది నలభై శాతం దాకా ఉంటుందట. అంటే పదహారు కేజీలు, మనిషికి పావుకేజీ పైనే.

ముందు రాళ్ల దగ్గరే తప్పు చేశాను. నున్నగా, గుండ్రంగా ఉన్నాయని ఏటి ఒడ్డు నుంచి రెండు బస్తాలు తెచ్చాను. పెద్దాయన ఒక రాయి తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎక్కడివి బాబూ ఇవి? ఏటివైతే పొయ్యి దగ్గరికి రానివ్వకు" అన్నారు. ఏళ్ల తరబడి నీళ్లలో ఉన్న రాయి లోపల తడి పట్టి ఉంటుంది. నిప్పు తగిలితే ఆ తడి ఆవిరై, బయటికి పోయే దారి లేక రాయి పేలుతుంది. పక్కనున్నవాళ్ల కంట్లో పెళ్లలు పడే ప్రమాదం. వాటిని అలాగే వెనక్కి తీసుకెళ్లి, ఎండలో ఏళ్లుగా పడి ఉన్న బసాల్ట్ నల్లరాళ్లు ఏరుకొచ్చాను.

గొయ్యి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. కింద కరెంటు తీగలూ పైపులూ లేవని ముందే కనుక్కున్నాం. చెట్లకి దూరంగా తవ్వాం, ఎందుకంటే వేళ్లకి నిప్పంటుకుంటే పైకి తెలియకుండా రోజుల తరబడి రగులుతూనే ఉంటుంది. కట్టెల్లో రంగు వేసినవి, చెదమందు పూసినవి ఒక్కటి కూడా లేకుండా ఏరి పారేశాం. కొత్త గోనె సంచులకి ఒకరకం నూనె వాసన ఉంటుంది. జనపనారని మెత్తబరచడానికి నూనె వాడతారు కదా, అది. మూడుసార్లు నీళ్లు మార్చి నానబెడితే గానీ ఆ వాసన పోలేదు. ఈ పని వదిలేస్తే మాంసమంతా ఆ కంపే కొడుతుంది.

అసలు టెన్షన్ పండగ ముందురోజు మధ్యాహ్నం మొదలైంది. ఫ్రెష్‌గా ఇస్తామన్నవాళ్లు రెండు రోజుల ముందు గడ్డకట్టిన పందిని తెచ్చిచ్చారు. పెద్ద ఐస్ పెట్టెలో నాలుగు డిగ్రీలు దాటకుండా ఉంచాం. పైన మెత్తబడింది కదా అనుకుంటూ పొట్టలోకి చెయ్యి పెడితే, వెన్నెముక పక్కన వేళ్లకి మంచు పలుకులు గరగరా తగిలాయి. లోపల గడ్డ ఉంటే అక్కడి మాంసం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది. క్రిములు పెరగడానికి అంతకన్నా ఏం కావాలి? సాయంత్రం దాకా చల్లటి నీళ్లు పోయడం, అరగంటకోసారి మార్చడం. ఆ నాలుగు గంటలూ వేరే పని ముట్టుకోలేదు.

రాత్రి ఏడింటికి నిప్పు పెట్టాం. మొదట రాళ్లు మసి పట్టి నల్లబడ్డాయి. పదకొండింటికి ఆ మసి కూడా కాలిపోయి తెల్లగా తేలాయి. సిద్ధమైనట్టు గుర్తు అదే. ఈలోపు పందికి లోపలా బయటా ఆరువందల గ్రాముల రాళ్ల ఉప్పు రుద్దాను. తొడలూ భుజాలూ ఎముక దాకా గాట్లు పెట్టి అక్కడా ఉప్పు కూరాను. మందంగా ఉన్నచోటే ఉడకడం ఆలస్యం మరి. ఆకుల్లో చుట్టిన నాలుగు వేడి రాళ్లు పొట్టలో పెట్టాం. జింకు పూత లేని ఇనప వలలో మొత్తం కట్టాం. వల లేకపోతే తీసేటప్పుడు మాంసం చేతుల్లోనే విడిపోతుంది.

రాళ్లు సమంగా సర్ది వాటి మీద చీల్చిన అరటి బోదెలు పరిచాం. బుస్సుమని ఆవిరి లేచింది. ఆ బోదెల్లోని నీరే ఉడికించేది, రాయి నేరుగా తగిలితే చర్మం మాడిపోతుంది. ఆపైన అరటాకులు, పంది, మళ్లీ అరటాకులు, తడి గోనెలు, మందపాటి కాన్వాస్ గుడ్డ, చివరికి మట్టి. పదకొండున్నరకి మూసేశాం. తొడలో గుచ్చిన థర్మామీటర్ వైరు మాత్రం బయటికి వదిలాం.

మూడింటికి 54 డిగ్రీల దగ్గర అంకె ఆగిపోయింది. పావుగంట చూశాను, కదల్లేదు. టార్చి పట్టుకుని గోతి చుట్టూ తిరిగితే, ఒక మూల మట్టి బీటలోంచి దారమంత సన్నగా ఆవిరి పోతోంది. వేడంతా అక్కడి నుంచే పోతోందన్నమాట. గుడ్డ ఆ మూల కాస్త కురచైంది. పెద్దాయన్ని లేపాను. ఆయన మట్టిని తడిపి ముద్దలా చేసి బీట మీద అదిమారు, పైన నాలుగు పారల పొడి మట్టి వేశాం. ఇరవై నిమిషాలకి 55 పడింది. నిజంగా ఊపిరి పీల్చుకున్నాను.

ఆరింటికి 76, తొమ్మిదింటికి 87. పంది మాంసం 63 డిగ్రీలకి చేరి మూడు నిమిషాలు ఆగితే తినడానికి భద్రమే. కానీ భుజం, తొడ ముక్కలు చేత్తో విడిపోవాలంటే 90 దాకా వెళ్లాలి. కండల్ని పట్టి ఉంచే కొలాజెన్ ఆ వేడికి కరిగి జిగురవుతుంది. పదకొండున్నరకి 92 చూపించింది. మట్టి లోపల పడకుండా చీపురుతో ఊడ్చి, గుడ్డని ఒక పక్క నుంచి మెల్లగా చుట్టుకుంటూ తీశాం. నలుగురం వల మూలలు పట్టుకుని పైకెత్తాం. భుజం ఎముకని పెద్దాయన రెండు వేళ్లతో లాగితే కండ ఏమీ అంటుకోకుండా తెల్లగా వచ్చేసింది.

చర్మం కరకరలాడదా అని కొందరు అడిగారు. ఆవిరి మీద ఉడికేది కాబట్టి మెత్తగానే ఉంటుంది. కరకరలాడాలంటే నిప్పుల మీద తిప్పి కాల్చే పద్ధతి వేరే ఉంది. నాకైతే ఈ మెత్తదనమే నచ్చింది. ఒంటిగంటకి వడ్డించాం, మిగిలింది రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లోకి చేర్చాం.

మర్నాడు పొద్దున గొయ్యి పూడుద్దామని పార తీసుకుని వెళ్తే, అడుగు రాళ్లు ఇంకా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. పిల్లలు అటు రాకుండా చుట్టూ తాడు కట్టి, పూడ్చడం ఇంకో రోజుకి వాయిదా వేశాం.