యోబు ఊరకనే దేవునికి భయపడ్డాడా?

బైబిల్లోని యోబు గ్రంథం మొదటి అధ్యాయంలో సాతాను దేవుణ్ణి ఒక ప్రశ్న అడుగుతాడు: “యోబు ఊరకయే దేవునియందు భయభక్తులు గలవాడాయెనా?” నువ్వు అతని చుట్టూ కంచె వేశావు, చేతిపనిని దీవించావు, అందుకే మొక్కుతున్నాడు, అవన్నీ తీసేసి చూడు అంటాడు. ఆ తర్వాత ఎడ్లు, గొర్రెలు, ఒంటెలు, పదిమంది పిల్లలు ఒక్క రోజులో పోయారు. ఈ పరీక్ష ఎందుకు వచ్చిందో చదివే మనకు తెలుసు, యోబుకు తెలియదు. సుడిగాలిలో నుంచి మాట్లాడినప్పుడు కూడా, భూమికి పునాదులు వేసిన నాడు నువ్వు ఎక్కడున్నావని దేవుడు అడిగాడే గాని సాతాను సంగతి ఎత్తలేదు.

కష్టంలో ఉన్న ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు మనం సాధారణంగా అన్నీ పోయినా యోబు దేవుణ్ణి స్తుతించిన మొదటి అధ్యాయంలోని మాటలు చదివి, అక్కడి నుంచి నేరుగా పోయినదానికి రెండింతలు దేవుడు తిరిగి ఇచ్చిన 42వ అధ్యాయానికి వెళ్లిపోతాం. మధ్యలో ఉన్నదంతా వదిలేస్తాం. అక్కడ యోబు తాను పుట్టిన దినాన్ని శపిస్తాడు, దేవునితో వాదిస్తాడు. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు రోజులు అతనితో పాటు మౌనంగా నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాక మాత్రం, నీలో ఏదో పాపం ఉంది, ఒప్పుకుంటే మళ్లీ బాగుపడతావు అని మొదలుపెట్టారు. ఒప్పుకొని ఉంటే ఆ పోరు తప్పేది. అయినా చేయని పాపాన్ని చేశానని చెప్పడానికి యోబుకు నోరు రాలేదు. “మరణమగువరకు నేనెంతమాత్రమును యథార్థతను విడువను” అన్న 27వ అధ్యాయంలోని మాట వాళ్లకిచ్చిన జవాబే. చివరికి దేవుడు కోప్పడింది ఎవరి మీద? తన పక్షాన మాట్లాడుతున్నామనుకున్న ఆ స్నేహితుల మీద.

టంగుటూరు వైపు మా సంఘానికి చెందిన ఒక సహోదరుడు కౌలుకు పొలం తీసుకొని పొగాకు వేస్తాడు. ఒక ఏడాది వానలకు ఆకు దెబ్బతింది. బ్యారన్లో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, కాల్చాక రంగు రాలేదు. వేలం కేంద్రానికి తీసుకెళ్లిన బేళ్లలో (ఆకు మూటల్లో) కొన్నిటికి వ్యాపారులు ధరే చెప్పలేదు, తిరిగి ఇంటికి తెచ్చుకున్నాడు. కౌలు, కూలీలు, కట్టెల ఖర్చు, పైన వడ్డీ. బేలు నడుమ నాసిరకం ఆకు పెట్టి, కంటికి కనిపించే చోట మేలిరకం పరవమని తోటి రైతు ఒకరు సలహా ఇచ్చారు. ఆయన ఆ పని చేయలేదు. ఆకును మళ్లీ విప్పి, ఏ రకానికి ఆ రకం వేరుచేసి కట్టాడు. భార్యాభర్తలిద్దరూ వసారాలో దీపం పెట్టుకొని రాత్రి పొద్దుపోయే దాకా ఆకు ఏరుతుంటే చూశాను. వేళ్లకు పొగాకు జిగురు నల్లగా పట్టి ఉంది. తర్వాత మంచి ధర వచ్చిందని చెప్పాలని నాకూ ఉంది గాని, రాలేదు. అప్పు ఇంకా తీరలేదు. పైగా పరామర్శకు వచ్చిన విశ్వాసి ఒకరు, ఇంట్లో దాచిన పాపమేదైనా ఉందేమో చూసుకోమని చెప్పి వెళ్లారు. ఆ మాటకు ఆ అమ్మ ఏడ్చిన ఏడుపు నేను మరచిపోలేను. అలాంటి మాట దేవుని పేరిట ఎవరూ అనకూడదు.

యోబు యథార్థత ఎలాంటిదో 31వ అధ్యాయంలో ఉంది. న్యాయమైన త్రాసులో నన్ను తూచమంటాడు. పనివాళ్లు వ్యాజ్యమాడితే వాళ్ల హక్కు నేను తోసిపుచ్చానా అని అడుగుతాడు. వెల ఇవ్వకుండా పంట తిన్నానా, నా భూమి నామీద మొరపెట్టిందా అంటాడు. భక్తిని పొలంగట్టు మీదా తూకం దగ్గరా చూపించిన అధ్యాయమది.

సాతాను వేసిన ఆ ప్రశ్న మన ఒంగోలు ప్రాంతానికీ ఒకసారి ఎదురైంది. 1876–78 కరవులో జనం తిండిలేక అల్లాడుతుంటే, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని గుంపులు గుంపులుగా అడిగారు. గింజల కోసం వచ్చారన్న నింద పడకూడదని, కరవు పనులు సాగినంతకాలం ఏడాదికి పైగా ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పనులు ముగిశాయి, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని తెలిశాకా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఒక్కరోజు లెక్కనే మన సభల్లో చెప్పుకుంటాం. నాకు మాత్రం దానికి ముందున్న నిరీక్షణే గొప్పగా తోస్తుంది. ఆకలితో ఉన్నవాళ్లను కాదనడం ఆయనకు ఎంత కష్టమై ఉంటుంది! కాదన్నా విశ్వాసం వదలని ఆ పేదలది ఇంకెంత గట్టి గుండె!

అలాగని అన్నం అడగడం తప్పు కాదు. అనుదినాహారం అడగమన్నది ప్రభువే. ఈ వారం మా కూడిక ఆ పొగాకు రైతు ఇంట్లోనే. 31వ అధ్యాయం మొత్తం చదువుతాం, ఆయన అప్పు తీరాలని పేరుపెట్టి ప్రార్థిస్తాం. తీర్చడంలో మనం చేయగలిగిందేమిటో కూడా అక్కడే కూర్చొని మాట్లాడుకుంటాం.